పెర్ల్ రివర్ కోడిపిల్లలు

తణుకు చుట్టుపక్కల మేత మిల్లుల్లో సీటీసీ అంటే తెలియని కూలీ ఉండేవాడు కాదు. మొక్కజొన్న, సోయా చెక్క, నూనె తీసిన తవుడు, రాతిపొడి, డీసీపీ, ఉప్పు అన్నీ మిక్సర్లో పడ్డాక, చివర్లో విటమిన్ల ప్రీమిక్స్‌తో పాటు ఆ గోధుమరంగు పొడి కూడా పడేది. పూర్తి పేరు క్లోర్‌టెట్రాసైక్లిన్. 1948లో మొదటిసారి లోకానికి తెలిసినప్పుడు దాన్ని ఆరియోమైసిన్ అన్నారు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రపు చివర, పెర్ల్ రివర్ అనే చిన్న ఊళ్ళో, లెడర్లీ కంపెనీ ప్రయోగశాలలో పుట్టింది. ఆ ప్రయోగశాలకి అప్పటి పరిశోధన డైరెక్టరు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పుట్టింది భీమవరంలో. మా తణుకులో బస్సెక్కితే గంట పైచిలుకు.

నేను కోళ్ళ డాక్టర్ని. తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదువు ముగించుకుని వచ్చి, ఈ డెల్టాలోని షెడ్ల మధ్యే వయసు గడిపేశాను. పొట్టలోని సూక్ష్మజీవులకీ ఒంటి బరువుకీ సంబంధం ఉందట అని ఈమధ్య పత్రికలు కొత్త సంగతిలా రాస్తుంటే నాకు కొంచెం నవ్వొస్తుంది, కొంచెం చిరాకూ వేస్తుంది. మేత వ్యాపారం డెబ్భై ఏళ్ళపాటు ఆ సంబంధం మీదే డబ్బు చేసుకుంది. అలా ఎందుకు జరుగుతోందని మాత్రం దుకాణంలో ఎవరూ అడగలేదు. పిల్ల బరువు పెరుగుతోంది కదా, ఇంకేం కావాలి? ఈ కథని మనుషుల డాక్టర్ల దగ్గర కాక కోళ్ళ దగ్గర మొదలుపెట్టాలని నేననేది అందుకే. నిజానికి కోళ్ళకంటే ముందు ఒక జబ్బు ఉంది. దాని సంగతి చెప్పకుండా ముందుకి వెళ్ళలేను.

ఆ జబ్బు స్ప్రూ. మన పెద్దవాళ్ళు గ్రహణి అన్న జాతిలోది. తిన్నది ఒంటికి పట్టదు. జిగటగా, నూనె తేలుతూ విరేచనాలు. నాలుక పుండు పడుతుంది, రక్తం తగ్గిపోతుంది, కండ కరిగిపోయి మనిషి చర్మమూ ఎముకలూ అవుతాడు. కంచంలో లోటు లేకుండానే ఆకలి చావులాంటి చావు. సుబ్బారావు అన్నదమ్ములిద్దరిని ఈ జబ్బు కొద్దిరోజుల తేడాలో తీసుకుపోయింది. ఆయనకీ తగిలింది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బయటపడ్డాడని ఆయన జీవితకథ రాసినవాళ్ళు చెబుతారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్ థియేటర్‌కి వెళ్ళినందుకు దొర ప్రొఫెసరుకి కోపం వచ్చి, ఎం.బి.బి.ఎస్. బదులు అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతిలో పెట్టారు. లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రం చెప్పుకుంటూ కాలం గడిపి, మామగారి సాయంతో బోస్టన్ ఓడెక్కాడు. తను వదిలి వెళ్ళిన ఇంట్లో ఆ చావులున్నాయి. హార్వర్డ్‌లో ఆయనకి పేరు తెచ్చినవి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి, కండరాల శక్తికి మూలమైన ఏ.టి.పి. వంటివే అయినా, కాలేయపు రసంలో రక్తహీనతని మాన్పే పదార్థమేమిటన్న వెతుకులాట ఆయన్ని చివరిదాకా వదల్లేదు.

1940లో లెడర్లీలో చేరాడు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. అంతకుముందే బొంబాయి మిల్లుల ప్రాంతంలోని గర్భిణీలలో రక్తహీనతని చూసిన లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ, ఈస్టు నుంచి తీసిన మార్మైట్ తినిపిస్తే అది మానుతోందని 1931లో రాసింది. ఆ ఈస్టులో ఉన్నదేమిటో తేలడానికి పద్నాలుగేళ్ళు పట్టింది. మందు చేతికి రాగానే టామ్ స్పైస్ అనే అమెరికన్ డాక్టరు దాన్ని క్యూబాలోని స్ప్రూ రోగుల మీద వాడి చూశాడు. నాలుక పుండ్లు మానాయి, ఆకలి పుట్టింది, రక్తం పట్టింది. అన్నదమ్ముల్ని మింగిన జబ్బుకి మందు చేసిన మనిషి మనలో ఇంకెవరున్నారో నాకు తెలియదు.

అయితే ఫోలిక్ ఆమ్లం స్ప్రూ కథలో సగమే. రెండో సగం తరవాత తేలింది. స్ప్రూ రోగి చిన్నపేగులో, మామూలుగా పెద్దపేగులో ఉండాల్సిన జాతి క్రిములు వచ్చి కాపురం పెడతాయి. పేగు లోపలి మెత్తని నూగు అరిగిపోతుంది. తిన్న దాంట్లోంచి సారం పీల్చాల్సిన చోటు బీడు పడుతుంది. 1960 దశకం మొదట్లో ఉత్తర ఆర్కాటు జిల్లా పల్లెల్లో ఈ జబ్బు మశూచిలా ఊళ్ళకి ఊళ్ళు పాకినప్పుడు వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ డాక్టర్లు బేకర్, మాథన్‌లు ఏళ్ళ తరబడి దాని వెంటపడ్డారు. ఇవాళ పుస్తకాల్లో స్ప్రూకి రాసే మందులు రెండు: ఫోలిక్ ఆమ్లం, దానితో పాటు నెలల తరబడి టెట్రాసైక్లిన్. టెట్రాసైక్లిన్ అంటే మన సీటీసీ తోబుట్టువు. చిక్కి శల్యమైన మనిషికి కండ పట్టించే రెండు మందుల మూలాలూ పెర్ల్ రివర్ ప్రాంగణంలోనే ఉన్నాయన్నమాట. క్రిములు బరువు తీసేస్తాయి, క్రిముల్ని అణిస్తే బరువు తిరిగొస్తుంది. జబ్బు మనిషిలో ఇది అర్థమవుతుంది. జబ్బు లేని కోడిపిల్లలో కూడా ఇదే జరుగుతుందని ఎవరనుకుంటారు?

అప్పట్లో విటమిన్ల ప్రయోగశాలల్లో కోడిపిల్లే కొలబద్ద. ఫలానా పదార్థం విటమినా కాదా అంటే, అది లేని మేత పెట్టి పిల్ల గిడసబారుతుందో లేదో చూడాలి, ఉన్న మేత పెట్టి కోలుకుంటుందో లేదో చూడాలి. పిల్లలు చవక, పొదిగిన రోజు నుంచే లెక్క మొదలుపెట్టొచ్చు, నాలుగు వారాల్లో ఫలితం తెలిసిపోతుంది. లెడర్లీలో ఈ పని చూసినవాళ్ళు థామస్ జ్యూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్. జ్యూక్స్ ఇంగ్లండులో పుట్టి కెనడాలో చదువుకున్నవాడు. స్టోక్‌స్టాడ్ చైనాలో పుట్టినవాడు, కాలేయం నుంచి ఫోలిక్ ఆమ్లాన్ని వేరుచేసిన మనిషి. భీమవరం ఆయనా, వీళ్ళిద్దరూ ఒకే కొలువులో ఉండడం ఆ కాలపు అమెరికాలోనే సాధ్యమైంది.

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అమెరికా కోళ్ళ రైతుల బాధ మన రైతులకి కొత్తది కాదు. మేతలో ఖరీదైనది మాంసకృత్తు. చేపపొడి దొరకదు, దొరికినా ధర మండుతుంది. సోయా చెక్క చవకే కాని, ఒట్టి సోయా మీద పెంచిన పిల్లలు ఎదగవు, గుడ్లు పెట్టినా అవి సరిగ్గా పొదగవు. కాస్త చేపపొడో, కాలేయమో, చివరికి కోళ్ళ పెంటో కలిస్తే బాగుపడతాయి. జంతుపదార్థంలో ఏదో కనిపెట్టని పోషకం ఉందని, దానికి జంతు మాంసకృత్తు కారకమని పేరుపెట్టి, కంపెనీలన్నీ దాన్ని పట్టుకోవడానికి పోటీపడ్డాయి. 1948లో అమెరికాలో మెర్క్, ఇంగ్లండులో గ్లాక్సో దాన్ని ఎర్రటి స్ఫటికాలుగా పట్టుకున్నాయి. అదే విటమిన్ బి12. పెంటలో అది ఎందుకుందో కూడా అప్పుడే తేటపడింది. దాన్ని తయారుచేసేది జంతువు కాదు, సూక్ష్మజీవి.

అప్పటికి పెర్ల్ రివర్‌లో పెద్ద పెద్ద పీపాల్లో ఒక బంగారు రంగు బూజు పులుస్తోంది. దాన్ని పట్టుకున్నది బెంజమిన్ డగ్గర్. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రిటైరై, డెబ్భై దాటాక సుబ్బారావు దగ్గర కొత్త ఉద్యోగంలో చేరిన వృక్షశాస్త్రవేత్త. మిస్సోరీ విశ్వవిద్యాలయం వాళ్ళ శాన్‌బర్న్ పొలంలోని గడ్డి మడి నుంచి తెప్పించిన మట్టిలో అది దొరికింది. బూజు నుంచి ఆరియోమైసిన్ తీసేశాక మిగిలే మడ్డిని పారబోయాలి. ఆ మడ్డిలో బి12 ఉండొచ్చు కదా అన్న ఆలోచన జ్యూక్స్, స్టోక్‌స్టాడ్‌లది. మెర్క్ వాళ్ళు ఇంకో బూజు నుంచి బి12 తీస్తున్నారు కనుక ఆ ఊహ గాల్లోది కాదు. 1948 చివర్లో పిల్లల్ని గుంపులుగా విడగొట్టి కొన్నిటికి కాలేయపు రసం, కొన్నిటికి మడ్డి పెట్టారు. క్రిస్మస్ రోజున పనివాళ్ళందరికీ సెలవిచ్చి, జ్యూక్స్ ఒక్కడే కూర్చుని పిల్లల్ని తూచాడు. మడ్డి తిన్నవి కాలేయం తిన్నవాటినీ మించిపోయాయి. మడ్డి ఎంత ఎక్కువైతే పిల్ల అంత బరువు.

సుబ్బారావు అప్పటికి లేడు. ఆగస్టులో నిద్రలోనే పోయాడు. ఆరియోమైసిన్‌ని న్యూయార్కు విజ్ఞాన సభలో ప్రకటించి అప్పటికి కొన్ని వారాలే అయింది.

అయితే బి12 అనుకున్నదానికన్నా ఎక్కువ ఎదుగుదల ఎలా వచ్చింది? బి12 నిండుగా ఇచ్చిన పిల్లలకి కూడా మడ్డి పెడితే ఇంకా పెరుగుతున్నాయి. మడ్డిలో మిగిలిపోయిన కొద్దిపాటి మందే ఆ పని చేస్తోందని తేల్చడానికి వాళ్ళకి ఏడాది పైన పట్టింది. అసలు విస్కాన్సిన్‌లోనే 1946లో మూర్ బృందం స్ట్రెప్టోమైసిన్ పెట్టిన పిల్లలు ఎక్కువ పెరిగాయని అచ్చువేసింది. వాళ్ళు వెతికింది వేరే సంగతి కనుక అక్కడితో వదిలేశారు. ఒకే వింత రెండు ప్రయోగశాలల తలుపు తట్టింది. తలుపు తీసింది మాత్రం, మడ్డిని అమ్ముకోవలసిన అవసరం ఉన్నవాళ్ళు. శాస్త్రంలో ఇలాంటివి నాకు భలే నచ్చుతాయి, కాస్త భయమూ వేస్తుంది.

1950 ఏప్రిల్లో ఫిలడెల్ఫియా రసాయన శాస్త్రవేత్తల సభలో ఈ సంగతి బయటపెట్టారు. మర్నాడు న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వేసింది. టన్ను మేతలో అయిదు పౌన్లు శుద్ధిచేయని సరుకు కలిపితే పందుల ఎదుగుదల వేగం 50 శాతం దాకా పెరుగుతుందని. అంతకుముందే మడ్డిని బి12 సరుకుగా మేత వ్యాపారులకి అమ్ముతున్నారు. కోళ్ళు, టర్కీలు, పందులు, దూడలు, ఏది తిన్నా బరువు తూగుతోంది. 1951లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ పెన్సిలిన్, ఆరియోమైసిన్ వంటివాటిని పశువుల డాక్టరు చీటీ అక్కర్లేకుండా మేతలో కలుపుకోవచ్చని అనుమతి ఇచ్చేసింది. ఆస్పత్రిలో రోగికి చీటీ లేనిదే ఇవ్వని మందు మేత కొట్లో బస్తాల్లెక్కన దొరకడం మొదలైంది.

ఆ ఊపులో మనుషులు ఏమేం చేశారో చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. కోసిన కోళ్ళని ఆరియోమైసిన్ నీళ్ళలో ముంచితే ఎక్కువ రోజులు చెడవని 1955లో ఒక పద్ధతికి అనుమతి వచ్చింది. ఆక్రొనైజ్ అని దానికో ముద్దుపేరు. పదేళ్ళు గడిచాక ఎత్తేశారు. గ్రేట్ లేక్స్ నౌకాదళ శిక్షణ కేంద్రంలో ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళకి వారాల తరబడి రోజూ పెన్సిలిన్, ఆరియోమైసిన్ మింగించి తూచారు. మందు మింగినవాళ్ళు ఉత్తుత్తి మాత్రలు మింగినవాళ్ళకంటే ఎక్కువ బరువు పెరిగారని 1955లో రాశారు. గ్వాటెమాలాలో బడిపిల్లలకి పెట్టి చూశారు. నెలలు నిండకుండా పుట్టిన పసికందులకీ ఇచ్చారు. పేద దేశాల పిల్లల ఎదుగుదల సమస్యకి ఇది జవాబేమోనన్న ఆశ అప్పుడు నిజంగానే ఉండేది. ఈ ప్రయోగాల్ని చెడ్డతనమని నేను కొట్టిపారెయ్యను. అప్పటికి వాళ్ళకి తెలిసినంత అది. కాని కోడిపిల్లల్లో పని జరిగిన దారి ఏమిటో తెలియకుండానే పసిపిల్లల దాకా వచ్చేశారన్నది మాత్రం దాచితే దాగదు.

దారి తెలుసుకోవడానికి అసలు క్రిములే లేని కోడి కావాలి. గుడ్డు పెంకుని మందునీళ్ళతో కడిగి, క్రిమిరహితమైన గాజు గూటిలో పొదిగించి, గాలి వడగట్టి, మేత వండి, పిల్లని పుట్టుక నుంచి ఏ సూక్ష్మజీవీ తాకకుండా పెంచాలి. 1885లో పాశ్చర్ అలాంటి ప్రాణి బతకదనుకున్నాడు. బతుకుతుంది. ఇంగ్లండులో రెడింగ్‌లో మేరీ కోట్స్, ఆమె తోటివాళ్ళు 1963లో ప్రచురించిన ప్రయోగం నా లెక్కలో ఈ కథకంతా కీలు. క్రిములు లేని గూట్లో పిల్లలు మామూలు పిల్లలకంటే బాగా ఎదిగాయి. వాటికి పెన్సిలిన్ పెడితే మరేమీ పెరగలేదు. మామూలు షెడ్లో పిల్లలకి పెన్సిలిన్ పెడితే, అవి దాదాపు క్రిములు లేని పిల్లల బరువుకి చేరాయి. అంటే మందు కోడికి బలం ఇవ్వలేదు. కోడి కట్టే పన్ను తగ్గించింది.

ఆ పన్ను ఏమిటో పిల్లని కోసి చూస్తే కొంత కనిపిస్తుంది. మందు తిన్న పిల్ల పేగు సన్నగా, తేలిగ్గా ఉంటుంది. క్రిములు లేని పిల్లదీ అంతే. మామూలు పిల్ల పేగు మందంగా, బరువుగా ఉంటుంది. పేగు లోపలి పొర రెండు మూడు రోజులకోసారి కొత్తగా పుడుతుంది, దానికి మాంసకృత్తు ఖర్చు. క్రిములు విడిచే మలినాలకి కాలేయం పని. ఎప్పుడూ కాపలా కాస్తుండే రోగనిరోధక కణాలకి జీతం. క్రిములు తమ వాటా మేత తాము తినేస్తాయి. చచ్చిన కోళ్ళని బల్ల మీద కోస్తూ, పేగుని రెండు వేళ్ళ మధ్య రుద్ది చూడడం నాకు అలవాటైపోయింది. మందపాటి, జిగురు పేగు తగిలితే ఆ షెడ్ నీళ్ళ ట్యాంకుని అడగాలని అర్థం.

రైతు మాత్రం తరాజుని అడుగుతాడు. మా వైపు లేయర్లే ఎక్కువ, గుడ్డు లెక్కే గాని బరువు లెక్క కాదనుకుంటారు బయటివాళ్ళు. కాదు. ఇంకా గుడ్డుకి రాని పెట్ట, పుల్లెట్, వారం వారం బరువు చార్టు ప్రకారం రాకపోతే గుడ్డు ఆలస్యం, గుడ్డు చిన్నది. "బరువు రాట్లేదండి డాక్టరుగారూ, ఏదోటి రాయండి" అని రాత్రి తొమ్మిదింటికి ఫోను. ఏదోటి అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఇక బ్రాయిలర్ల రైతుకి ఎఫ్.సి.ఆర్. తప్ప వేరే మంత్రం లేదు. కిలో బరువుకి ఎంత మేత పోసినట్టు అన్నది. ఆ అంకెలో రెండో దశాంశం మారితే బ్యాచ్ లాభమో నష్టమో తేలిపోతుంది. 1970లు, 80ల్లో తణుకు, అనపర్తి, హైదరాబాదు చుట్టూ షెడ్లు వెలుస్తున్నప్పుడు, వాటితో పాటే వచ్చాయి ఈ పద్ధతులన్నీ. జాతులు, బోనులు, టీకాలు, మేత సూత్రాలు, ఆ మేత సూత్రాల్లోనే ఒక గీతగా సీటీసీ. 1982లో జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ, నెక్, ఏర్పడి గుడ్డు ధర రైతు చేతికి వచ్చింది. ఆ పనికి ముందు నడిచిన బి.వి. రావుగారిని మా రైతులు ఇప్పటికీ తలుచుకుంటారు. గుడ్ల లారీలు కలకత్తా దాకా, అస్సాం దాకా వెళ్ళాయి. ఈ ఎదుగుదలని నేను తక్కువ చేసి మాట్లాడలేను, నా ఇల్లు గడిచిందీ దానితోనే. మేత సూత్రంలో ఆ గీత ఎందుకుందని అడిగితే "ఎప్పటినుంచో ఉందండి" అన్నదే జవాబు.

క్రిములు ఊరుకోలేదు. ఇది అందరికీ తెలిసిన కథే కనుక చప్పున దాటేస్తాను. ఒక క్రిమి నేర్చిన మందు తట్టుకునే విద్య ఇంకో జాతి క్రిమికి అంటుకుంటుందని జపాన్ వాళ్ళు 1960 నాటికి చూపించారు. ఇంగ్లండులో దూడల నుంచి మనుషులకి మందులు పనిచెయ్యని సాల్మొనెల్లా పాకాక, స్వాన్ కమిటీ 1969లో పెన్సిలిన్, టెట్రాసైక్లిన్‌లని ఎదుగుదల కోసం వాడొద్దంది. స్టువర్ట్ లెవీ 1976లో మసాచుసెట్స్‌లోని ఒక చిన్న కోళ్ళ ఫారంలో సగం కోళ్ళకి టెట్రాసైక్లిన్ మేత పెట్టి చూపించాడు. కొన్నాళ్ళకి కోళ్ళ పేగుల్లోనే కాదు, ఆ ఇంట్లో మనుషుల పేగుల్లో కూడా మందుకి లొంగని ఇ.కోలై క్రిములు కనిపించాయి. మరుసటి ఏడాది అమెరికా ఆహార, ఔషధ సంస్థ నిషేధం ప్రతిపాదిస్తే కాంగ్రెస్ అడ్డం పడింది. స్వీడన్ 1986లో ఆపేసింది. ఐరోపా అంతా 2006 జనవరి 1 నుంచి ఆపింది. అమెరికా 2017లో గాని రాలేదు. మన దగ్గర విజ్ఞాన, పర్యావరణ కేంద్రం సి.ఎస్.ఇ. 2014లో ఢిల్లీ ప్రాంతపు 70 కోడిమాంసం నమూనాల్ని పరీక్షిస్తే 40 శాతంలో మందుల అవశేషాలు దొరికాయి. 2019 జులైలో కొలిస్టిన్ మీద నిషేధం వచ్చింది. మనుషులకి ఆఖరి ఆసరాగా దాచుకోవలసిన మందు అది, మా షెడ్లలో బకెట్‌తో నీళ్ళలో కలిసేది.

జ్యూక్స్ మాత్రం మారలేదు. తర్వాత కాలిఫోర్నియా వెళ్ళి పరిణామ శాస్త్రంలో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. 1999లో పోయేదాకా మేతలో మందుని గట్టిగా సమర్థిస్తూనే ఉన్నాడు. ప్రపంచానికి చవకైన మాంసం ఇచ్చామని ఆయన వాదన. మాట అబద్ధం కాదు. కాని కోట్స్ ప్రయోగాన్ని మనసులో పెట్టుకుని చదివితే ఆ వాదనకి ఒక పక్క కనిపించడం లేదని తెలుస్తుంది. షెడ్ ఎంత మురికిగా ఉంటే మందు అంత బాగా పనిచేసింది. కొత్త మేతలు, మంచి టీకాలు, శుభ్రమైన షెడ్లు వచ్చాక ఆ లాభం చిక్కిపోయింది. ఇటీవలి లెక్కల్లో అమెరికా వ్యవసాయ శాఖ ఆర్థికవేత్తలు దాన్ని ఒకటి నుంచి మూడు శాతం దగ్గర పెట్టారు. 1950లో 50 శాతం ఎక్కడ, ఈ మూడు ఎక్కడ. మందు చాలాకాలం మన నిర్లక్ష్యానికి అద్దె కట్టిందని నేనంటే తోటి డాక్టర్లకి కోపం వస్తుంది.

ఇక మనుషుల డాక్టర్లు ఈ పాత కథని మళ్ళీ తెరిచింది ఈ శతాబ్దంలోనే. సెయింట్ లూయిస్‌లో జెఫ్రీ గోర్డన్ దగ్గర 2004లో క్రిములు లేని ఎలుకలకి మామూలు ఎలుకల పేగు క్రిముల్ని ఎక్కిస్తే రెండు వారాల్లో వాటి కొవ్వు 60 శాతం దాకా పెరిగింది. తిన్నది మాత్రం తగ్గింది. న్యూయార్కులో మార్టిన్ బ్లేజర్ బృందం సూటిగా మేత వ్యాపారం నుంచే ప్రశ్న తీసుకుంది. మేతలో కలిపేటంత కొద్ది మోతాదు మందు చిన్నప్పుడు ఎలుకపిల్లలకిస్తే ఏమవుతుంది? కొవ్వు పెరిగింది. మందు ఆపినా ఆ ఒరవడి మిగిలింది. ఆ ఎలుకల పేగు క్రిముల్ని క్రిములు లేని ఎలుకలకి ఎక్కిస్తే వాటికీ ఒళ్ళొచ్చింది. 2012, 2014 నాటి పరిశోధనలివి.

ఇక్కడ ఆగి కోళ్ళ డాక్టరుగా ఒక మాట అనాలి. రెండు ప్రయోగాలు ఒకదానికొకటి అడ్డంగా ఉన్నట్టు లేవూ? కోట్స్ పిల్లకి క్రిములు లేకపోతే బరువు పెరిగింది, గోర్డన్ ఎలుకకి క్రిములు వస్తే కొవ్వు పెరిగింది. జవాబు నా మటుకు నాకు ఇది. మా షెడ్లో పెరిగేది లేత పిల్ల, పెరిగేది ఎముక, కండ. దానికి పన్ను తగ్గిస్తే చాలు. పెద్ద ఎలుక పెద్దపేగులో క్రిములు పీచుని పులియబెట్టి, తను అరిగించుకోలేని దాంట్లోంచి కూడా కాసిన్ని కేలరీలు తీసి ఇస్తాయి. పన్ను వసూలు చేసేదీ, కూలి తెచ్చి ఇచ్చేదీ ఒకే గుంపు. ఏ వయసులో, ఏ మేత మీద, పేగులో ఏ చోట అన్నదాన్ని బట్టి లెక్క ఎటు తేలుతుందో మారుతుంది. అందుకే కోడిపిల్లని చూపించి "యాంటీబయాటిక్స్ వల్లే ఊబకాయం" అని చెప్పేవాళ్ళంటే నాకు నమ్మకం లేదు. సన్నటివాళ్ళ మలం నుంచి తీసిన క్రిముల్ని లావుపాటివాళ్ళకి మాత్రలుగా ఇచ్చి చూసిన ప్రయోగాల్లో బరువు తగ్గలేదు కూడా.

ఈ కథ అసలు రుజువయ్యేది లావుపాటివాళ్ళ దగ్గర కాదనిపిస్తుంది నాకు, చిక్కిపోయిన పిల్లల దగ్గర. మలావీలో 2013లో తీవ్రంగా చిక్కిన పిల్లలకి వేరుశనగ ముద్దతో పాటు ఏడు రోజులు అమాక్సిసిలిన్ ఇస్తే ఎక్కువమంది కోలుకున్నారు, చావులు తగ్గాయి. మూడేళ్ళకి నైజర్లో అదే చేస్తే కోలుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. షెడ్ మారితే ఫలితం మారినట్టే. ఈలోగా గోర్డన్ మనుషులు, ఢాకాలో తహ్మీద్ అహ్మద్ మనుషులు వేరే దారి పట్టారు. క్రిముల్ని చంపకుండా, కావలసిన క్రిములకి మేత పెట్టడం. శనగ, సోయా, వేరుశనగ, పచ్చి అరటికాయ కలిపిన ముద్ద. 2021లో ప్రచురించిన ఫలితాల్లో ఈ ముద్ద తిన్న పిల్లలు, కేలరీలు అంతకంటే ఎక్కువున్న మామూలు ముద్ద తిన్న పిల్లలకంటే మెరుగ్గా బరువు పెరిగారు. తక్కువ కేలరీలతో ఎక్కువ బరువు. ఎఫ్.సి.ఆర్. తెలిసిన ఏ మేత మిల్లువాడికైనా ఈ వాక్యం చదివి చెయ్యి వణకాలి.

మా వైపు కూడా ఇప్పుడు మిక్సర్ దగ్గర సంచీలు మారాయి. బాసిల్లస్ క్రిముల పొడి, ఈస్టు గోడల పొడి, సేంద్రియ ఆమ్లాలు, వాము, దాల్చిన చెక్క నూనెలు. సీటీసీ సంచీ పూర్తిగా పోయిందని ప్రమాణం చెయ్యలేను. మొన్నొక రైతు ఈ కొత్త పొడుల్లో ఏది నిజంగా పనిచేస్తుందో రాసివ్వమన్నాడు. పైపులు విప్పి నిపుల్ లైన్లు కడిగించి, ట్యాంకులో క్లోరిన్ వేయించి, రెండు బ్యాచ్‌ల బరువులు పుస్తకంలో రాసుకుని రమ్మన్నాను. ఏ పొడి కొనాలో ఆ పుస్తకం చూసి చెబుతానన్నాను. ఆయన కాస్త నొచ్చుకున్నాడు. ఫీజు మాత్రం ఇచ్చే వెళ్ళాడు.